‘రీమేకే కదా!’

నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళలో మేం నలుగురం తెలుగువాళ్ళం ఉన్నాం. పార్కు పేరే మనది. అమృతాంజనం పంతులుగారు, ఆంధ్రపత్రిక పంతులుగారు, కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఈ మైలాపూరు మనిషే. ఆయన శ్రీబాగ్ ఇంట్లోనే 1937లో కోస్తావాళ్ళూ సీమవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఇప్పుడు ఆయన పేరున్న పార్కులో మా నలుగురి మాటల్లో సగం మోకాళ్ళ నొప్పులు, సగం పాత సినిమాలు.

మొన్నొక పొద్దున నేనో పాత సినిమాలో మాటల గురించి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాను. మాలో పెద్దాయన, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, చెయ్యి ఇలా విసిరేశారు.

“ఏముందండీ అందులో, రీమేకే కదా!”

ఆ ‘కదా’ దగ్గర నాకు కాలింది. నలభై ఏళ్ళుగా వింటున్నాను ఆ ‘కదా’ని. ఆఫీసుల్లో విన్నాను, ప్రివ్యూ థియేటరు మెట్లమీద విన్నాను, చివరికి మా ఇంట్లో భోజనాల దగ్గర కూడా విన్నాను. కాపీ కొట్టిన కుర్రాణ్ణి మాస్టారు అన్నట్టు అంటారు.

ఇదే పెద్దాయన డిసెంబరు వస్తే మనిషి మారిపోతారు. జరీ ఉత్తరీయం వేసుకుని రసిక రంజని సభలో ముందు వరసలో కూర్చుంటారు. ఒకే త్యాగరాజ కీర్తనని వారంలో ముగ్గురు గాయకుల దగ్గర విని, మర్నాడు పార్కులో మాకు పూసగుచ్చినట్టు చెబుతారు. అనుపల్లవిలో ఆమె వేసిన ఆ చివరి సంగతి విన్నారా, ఆయన నెరవలు ఎక్కడ ఎత్తుకున్నాడో చూశారా అని. రెండువందల ఏళ్ళ కిందటి పాట కదా, అదివరకు వెయ్యిమంది పాడేశారు కదా అని ఆయన ఒక్కనాడూ అనలేదు. పాడిన పాటనే పాడటంలో పాడేవాడి పనితనం ఎక్కడుందో ఆయన చెవికి తెలుసు. ఆ చెవిని సినిమా హాలు బయట చెప్పులతోపాటు వదిలేసి వస్తారని నా ఫిర్యాదు.

అసలు రీమేకు ఎందుకు చేస్తారండీ అని ఎవరైనా అడిగితే, డబ్బుకోసం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజమే, కొంత. కొత్త కథ పట్టుకెళ్తే ఫైనాన్షియరు నుదురు చిట్లిస్తాడు. పక్క భాషలో వందరోజులాడిన కథ అంటే చెక్కుపుస్తకం తీస్తాడు. హీరోగారికి కథ చెప్పక్కర్లేదు, చూపించేయొచ్చు. బయ్యరుకి కూడా అంతే. కానీ మద్రాసులో సంగతి ఇంతకంటే పెద్దది. ఒకే కప్పుకింద, ఒకే సెట్టులో, ఒకే కెమెరా ముందు పొద్దున తెలుగువాళ్ళు, మధ్యాహ్నం తమిళంవాళ్ళు నటించిన ఊరిది. 1955లో విజయావాళ్ళు ‘మిస్సమ్మ’నీ తమిళ ‘మిస్సియమ్మ’నీ జోడుగా తీశారు. దాని మూలం రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ హాస్యనాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’. అది తెచ్చిన చక్రపాణిగారు సినిమాల్లోకి రాకముందు శరత్ నవలల్ని తెనిగించిన మనిషి. శరత్‌బాబు తెలుగువాడే అనుకుని పెరిగిన పాఠకులు మన ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారో లెక్కలేదు. తెలుగు సినిమా స్వర్ణయుగం అని మనం ఛాతీ చరుచుకునే కాలంలో, ఆ బంగారంలో చాలాభాగం బెంగాల్ నుంచీ కన్నడం నుంచీ వచ్చి ఇక్కడ కరిగి నగ అయింది. ‘గుండమ్మ కథ’ (1962) మూలం విఠలాచార్యగారి కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’. ఆ పేరు ఇవాళ ఎంతమంది తెలుగువాళ్ళు చెప్పగలరు? గుండమ్మ మాత్రం మన పక్కింటావిడ అయిపోయింది. అలా కావడానికి సూర్యకాంతం నోరు ఎంత కారణమో, ఆ నోట్లోకి మాటలు పెట్టిన డి.వి. నరసరాజుగారి కలమూ అంతే కారణం. సూర్యకాంతాన్ని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. నరసరాజుగారినో?

ఆయన సంగతే చూడండి. 1964లో సురేశ్ ప్రొడక్షన్స్ తొలి సినిమా ‘రాముడు భీముడు’ ఆయన రాసిన కథ. మరుసటి ఏడే అది తమిళంలో ఎమ్జీఆర్‌తో ‘ఎంగ వీట్టు పిళ్ళై’ అయింది. 1967లో హిందీలో దిలీప్ కుమార్‌తో ‘రామ్ ఔర్ శ్యామ్’ అయింది. మూడింటికీ దర్శకుడు మన తాపీ చాణక్యే. ఆ రెండు పాత్రలకి దిలీప్‌కి ఫిల్మ్‌ఫేర్ కూడా వచ్చింది. తర్వాత ఆ కవలలు మగవేషం తీసేసి 1972లో హిందీలో ‘సీతా ఔర్ గీతా’ అయ్యారు. ఆ సీతాగీతల్ని కొనుక్కొచ్చి 1973లో మనం వాణిశ్రీతో ‘గంగ మంగ’ తీసుకున్నాం. మన గాదెలోంచి పోయిన విత్తనాలే బొంబాయిలో మొలిచి, పండి, తిరిగి మన సంతకే బస్తాలకెత్తుకుని వచ్చాయి. కొనుక్కున్నవాళ్ళలో ఎందరికి ఆ విత్తనం ఎవరి చేతిదో గుర్తుంది? ఆ పెద్దమనిషి తన జీవితకథకి ‘అదృష్టవంతుని ఆత్మకథ’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు నవ్వూ ఏడుపూ కలిసొస్తాయి.

నా గోడు కూడా ఒకటుంది, చెప్పేస్తాను. 1980ల చివరి మాట. ఒక కంపెనీవాళ్ళు ఒక తమిళ సినిమా హక్కులు కొన్నారు. పేర్లు ఇప్పుడెందుకు. నన్ను ఒక గదిలో పెట్టి, వీసీఆరూ, క్యాసెట్టూ, రెండు దస్తాల తెల్లకాగితాలూ ఇచ్చారు. పని ఏమిటంటే ‘మాటలు మార్చడం’. వాళ్ళ భాషలో అంతే అది. కథ ఉంది, సీన్లున్నాయి, షాట్లు కూడా ఉన్నాయి, ఇంకేముంది, మాటలు మార్చడమేగా అన్నారు. నాకంటే ముందు ఎవరో తమిళం తెలిసిన కుర్రాడు చేసిన ముక్కస్యముక్క అనువాదం ఒకటి కూడా చేతిలో పెట్టారు.

అందులో ఒక సీను. తండ్రి కొడుకుని గుమ్మం బయట నిలబెట్టి, ఇక నువ్వు నాకు లేవని తెగతెంపులు చేసుకుంటాడు. తమిళంలో ఆ తండ్రి, నిన్ను తలంచి తల ముళుగేశాను అంటాడు. చనిపోయినవాళ్ళ పేరన తలమీద నీళ్ళు పోసుకుంటారే, ఆ స్నానం అది. తమిళుడికి ఆ మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మన కుర్రాడు దాన్ని శ్రద్ధగా తెలుగు చేసి, ‘నీ పేరు చెప్పి తలంటు పోసేసుకున్నానురా’ అని రాశాడు. చదివి నేను గదిలో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. కన్నకొడుకుని వదిలించుకునే తండ్రి దీపావళి పొద్దున కుంకుడుకాయ రసంతో కూర్చున్నట్టుంది!

నవ్వు ఆగాక భయం వేసింది. ఆ బరువుకి సరితూగే మాట తెలుగులో ఏది? రెండు రోజులు తిరిగాను. కపాలీశ్వరుడి కోనేటి మెట్లమీద కూర్చున్నాను. ఎవరో పెద్దాయన పితృకార్యం చేసుకుంటూ దోసిట్లోంచి నువ్వులూ నీళ్ళూ వదులుతున్నాడు. మాట దొరికింది. ‘నీకు నీళ్ళొదిలేశానురా.’ అంతే, మూడు ముక్కలు. తమిళంలో తలమీంచి జారిన నీళ్ళు తెలుగులో బొటనవేలి పక్కనుంచి జారాయి. నీళ్ళు అవే, చావు అదే.

విజయవాడలో ఆ సినిమా చూశాను. ఆ మాట దగ్గర హాలు నిశ్శబ్దమైపోయింది. వెనక వరసలో ఒకావిడ ‘అయ్యో’ అంది. టైటిల్ కార్డులో నా పేరు లేదు. మాటలు అని వేరే పేరుంది. నేను వెళ్ళి నిర్మాతని అడిగితే, “నువ్వు రాసిందేముందయ్యా, ఒరిజినల్‌లో ఉన్నదేగా” అన్నారు. ఒరిజినల్‌లో ఉన్నది తలస్నానం అని చెప్పబోయాను. అప్పటికే ఆయన ఫోనెత్తాడు.

నా సంగతి చిన్నది. వారెన్ రోడ్డు సంగతి చెబుతాను.

మైలాపూరు వారెన్ రోడ్డులో కె. బాలచందర్‌గారు ఉండేవారు. రీమేకు అనే మాటకి ఇన్ని అర్థాలుంటాయని నాకు నేర్పింది ఆయన సినిమాలే. తమిళంలో తాను తీసిన ‘అవళ్ ఒరు తొడర్ కదై’ని 1976లో తెలుగులో ‘అంతులేని కథ’గా తీశారు. ఇంటిల్లిపాదినీ మోస్తూ నోరు మాత్రం కత్తిలా పెట్టుకున్న ఆ ఆడపిల్లకి తెలుగు నోరు ఆత్రేయగారిచ్చారు. ‘అవర్గళ్’ని 1979లో ‘ఇది కథ కాదు’ చేశారు. రజనీకాంత్ చేసిన వేషం తెలుగులో చిరంజీవి చేశాడు. దానికి మాటలు గణేశ్ పాత్రో. అన్నిటికంటే విచిత్రం 1978 నాటి ‘మరో చరిత్ర’. అది తెలుగులోనే పుట్టింది. విశాఖ సముద్రం ఒడ్డున ఒక తమిళ అబ్బాయి, ఒక తెలుగమ్మాయి, మధ్యలో గోడకి అటూ ఇటూ భాష కుదరక కొట్టుకునే రెండిళ్ళ పెద్దలు. ఆ సినిమాని తమిళంలోకి మార్చలేదు. మౌంటు రోడ్డు సఫైర్‌లో తెలుగు సినిమాగానే ఏడాదికి పైగా ఆడింది. మా మైలాపూరు మామ్మలు కూడా వెళ్ళి, తెలుగు రాకుండానే, సరిత ఏడిస్తే ఏడ్చి వచ్చారు.

మార్చకుండానే ఇంత ఆడింది కదా, మరి రీమేకెందుకు అంటారు కొందరు. ఎల్.వి. ప్రసాద్‌గారు 1981లో దాన్నే బాలచందర్ చేత హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీయించారు. విశాఖ గోవా అయింది. తెలుగింటి పిల్ల ఉత్తరాది పిల్ల అయింది. ఎందుకంటే విశాఖలో తమిళుడికీ తెలుగువాడికీ మధ్య ఉండే ఆ పొరుగు ఎకసెక్కం ఢిల్లీవాడికి పట్టదు. వాడికి దక్షిణాదివాళ్ళంతా ఒకటే మద్రాసీలు. వాడికి తగిలే పుండు వేరేచోట ఉంది. దాన్ని వెతికి అక్కడ వేలుపెట్టాలి. హిందీ మాటలు రాసిన ఇందర్ రాజ్ ఆనంద్ చేసిన పని అది. తిరగరాయడం అంటే అదేనని ఈ బ్యాంకు పెద్దాయనకి ఎలా చెప్పను?

2010లో తెలుగువాళ్ళే ‘మరో చరిత్ర’ని అదే పేరుతో మళ్ళీ తీశారు. ఎవరూ చూడలేదు. కథ ఉంది, పేరుంది, కొత్త రంగులున్నాయి. ఈ కాలానికి పుండు ఎక్కడో వెతికే వేలు లేదు. నన్నడిగితే, తిరగరాసేవాడి విలువ తెలియాలంటే ఆడిన రీమేకులకంటే ఆడని రీమేకుల్నే చూడాలి.

2014 డిసెంబరు 23న బాలచందర్‌గారు పోయారు. వారెన్ రోడ్డు నిండిపోయింది. నేనూ వెళ్ళి దూరంనుంచి దణ్ణం పెట్టుకుని వచ్చాను. సరిగ్గా పదమూడు రోజులకి, 2015 జనవరి 5న, ఇదే ఊళ్ళో గణేశ్ పాత్రోగారు పోయారు. ‘కొడుకు పుట్టాల’, ‘పావలా’ లాంటి నాటికలతో పార్వతీపురం వైపునుంచి వచ్చిన మనిషి. ఉత్తరాంధ్ర నుడికారాన్ని గుండెలో పెట్టుకుని, మద్రాసులో కూర్చుని, ఒక తమిళ దర్శకుడి ఆలోచనకి తెలుగు ఊపిరి పోసిన మనిషి. ‘సీతారామయ్యగారి మనవరాలు’ నుంచి 2013 నాటి ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ దాకా ఆయన రాసిన మాటలు మన ఇళ్ళల్లో మనం అనుకునేవే. ఆయన పోయిన సంగతి నేను చెప్పేదాకా మా వీధిలో ఒక్కరికీ తెలియదు. చెప్పాక, “ఎవరండీ ఆయన?” అన్నారు.

మా డాబా మీంచి చూస్తే మెరీనా లైటుహౌసు కనిపిస్తుంది. మా మేనకోడలి కొడుకు, పదేళ్ళవాడు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు, దాన్ని చూపించి “తాతా, ఘిల్లీలో విజయ్ దాక్కున్నది అక్కడే” అంటాడు. 2004లో వచ్చిన సినిమా, 2024 ఏప్రిల్‌లో మళ్ళీ విడుదలైతే థియేటర్లు ఊగిపోయాయి. అది 2003 సంక్రాంతికి వచ్చిన గుణశేఖర్ ‘ఒక్కడు’ అని వాడికి తెలియదు. తెలియకపోవడంలో తప్పేం లేదు, తెలియకపోవడమే దాని గొప్ప. తెలుగులో హైదరాబాదు పాతబస్తీ, చార్మినార్. చార్మినార్ కోసం ఏకంగా సెట్టే వేశారు. తమిళంలో ఆ ఎత్తు ఎక్కడుంది? పాతబస్తీ కుర్రాడికి చార్మినార్ ఎలాగో, చెన్నై సముద్రపు ఒడ్డు కుర్రాడికి ఈ లైటుహౌసు అలాగ. కర్నూలు మదురై అయింది. ఓబుల్‌రెడ్డి ముత్తుపాండి అయ్యాడు. ప్రకాశ్‌రాజ్ మాత్రం రెండుచోట్లా ప్రకాశ్‌రాజే, కానీ అక్కడ ఆయన ‘చెల్లం’ అని పిలిచే పిలుపు ఇప్పటికీ ఈ వీధుల్లో కుర్రాళ్ళ నోట నలుగుతూనే ఉంది. తెలుగు మాటలు పరుచూరి సోదరులవి, తమిళ మాటలు భరతన్‌వి. విజయ్ పేరు వెయ్యి బ్యానర్లమీద చూశాను. భరతన్ పేరు ఒక్క చోటా చూడలేదు.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. బద్ధకపు రీమేకులున్నాయి, లెక్కలేనన్ని. మూలాన్ని ఫ్రేము ఫ్రేముకి జిరాక్సు తీసి, ఊరి బోర్డు మాత్రం మార్చి వదిలేవి. ఇప్పుడు అవి చెల్లవు కూడా. మలయాళ సినిమా వచ్చిన కొన్ని వారాలకే సబ్‌టైటిల్స్‌తో ఇంట్లో కూర్చుని చూసేస్తున్నాం. కానీ ఆ బద్ధకం ఎవరిది? ‘నేటివిటీకి మార్చు’ అని రచయితకి పదిరోజులు గడువిచ్చి, ఒరిజినల్ హక్కులకిచ్చిన దాంట్లో నూరోవంతు కూడా చేతిలో పెట్టకుండా, మార్చినవాటిని మళ్ళీ సెట్లో ఒరిజినల్ పెట్టి చూసి చెరిపేసేవాళ్ళది. తిట్లు మాత్రం రాసినవాడికి. ఆ పదిరోజుల్లో కోనేటి మెట్లమీద కూర్చునే తీరిక ఎవరికుంటుంది?

ఇది ప్రపంచంలో అందరికీ పట్టని విషయమేమీ కాదు. హాంగ్‌కాంగ్ సినిమా ‘ఇన్ఫర్నల్ అఫైర్స్’ని అమెరికాలో ‘ది డిపార్టెడ్’ చేస్తే, బాస్టన్ ఐరిష్ వీధుల యాసలోకి దాన్ని దించిన విలియం మొనాహన్‌కి ఆస్కార్ ఇచ్చారు. ఫ్రెంచి సినిమాని ‘కోడా’గా తిరగరాసిన సియాన్ హేడర్‌కీ 2022లో ఇచ్చారు, ఉత్తమ చిత్రమూ అదే. అనుసరణ అని దానికో గది, దానికో కుర్చీ ఉన్నాయి అక్కడ. వాళ్ళ దాకా ఎందుకు, మన ఇంట్లోనే ఉంది. తెలుగు కావ్యం పుట్టిందే తిరగరాతతో అని అందరూ అనేమాటే. వ్యాసుడి భారతాన్ని తెలుగు చెయ్యడం నన్నయ మొదలుపెట్టాడని. నేను చెప్పేది అది కాదు. ఆ పనిలో తనకి సాయపడిన నారాయణభట్టుని నన్నయ కావ్యం అవతారికలోనే పేరుపెట్టి చెప్పుకున్నాడు, భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడి తోడులాంటిదని. రాజరాజ నరేంద్రుడు ఆ నారాయణభట్టుకి నందంపూడి అగ్రహారం ఇచ్చాడు. ఆ దానశాసనం రాసింది మళ్ళీ నన్నయే! పదకొండో శతాబ్దంలో సహరచయితకి టైటిల్ కార్డూ దక్కింది, ఊరూ దక్కింది. ఇరవయ్యో శతాబ్దంలో నాకు టీ డబ్బులు దక్కాయి.

ఊళ్ళు అక్కర్లేదు. ఒక సాయంత్రం చాలు. డిసెంబరులో ఈ మైలాపూరులో ఇన్ని సభలున్నాయి కదా, ఏదో ఒక సభలో ఒక్క సాయంత్రం రెండు తెరలు కట్టండి. ఒకదానిమీద ‘ఒక్కడు’లో చార్మినార్, పక్కన ‘ఘిల్లీ’లో లైటుహౌసు. ఒకదానిమీద ‘అవర్గళ్’, పక్కన ‘ఇది కథ కాదు’. సీను పక్కన సీను వేసి, సంగతి పక్కన సంగతి విన్నట్టు వినండి. ఎక్కడ మాట వంగింది, ఎక్కడ నిలబడింది, ఎక్కడ ఒక ఊరు పోయి ఇంకో ఊరు వచ్చింది. పాత సినిమాల సీను పేపర్లు ఎవరి అటకలమీద చెదలు తింటున్నాయో అవి తెచ్చి ఒక బీరువాలో పెట్టండి. ఓటీటీలో బొమ్మకింద హీరో పేరు, దర్శకుడి పేరు వేసినచోట ‘తెలుగు చేసినవారు’ అని ఒక్క పంక్తి చేర్చండి. ఈ మాటలు బ్యాంకు పెద్దాయనతో అన్నాను. “బాగానే ఉంటుందండీ, కానీ ఎవరొస్తారు?” అన్నారు.

పోయిన డిసెంబరులో ఆయనే లాక్కెళ్తే ఒక కచేరీకి వెళ్ళాను. గాయని కాపీ రాగంలో త్యాగరాజ కీర్తన ఒకటి పాడింది. విరామంలో క్యాంటీన్ కాఫీ దగ్గర, నా పక్కసీటు ఆయన, తమిళుడు, చేతిలో చిన్న నోటుపుస్తకం. పాడిన ప్రతి కీర్తనా, రాగం, తాళం, తేదీ రాసుకుంటున్నాడు.

“సార్, మీరు తెలుగా?” అన్నాడు. “చరణంలో రాముణ్ణి ‘రా’ అని పిలుస్తున్నారు. ‘డా’ అన్నట్టేనా? దేవుణ్ణి అంత మర్యాద లేకుండానా?”

“డా లాంటిదే సార్,” అన్నాను. “కానీ కోపంలో అనే డా కాదు. అలిగి కూర్చున్న పిల్లాణ్ణి అన్నానికి పిలుస్తూ అనే డా.”

ఆయన కాసేపు కాఫీ తాగకుండా అలాగే నిలబడ్డాడు. తర్వాత గ్లాసు గట్టుమీద పెట్టి, నేను చెప్పింది తమిళంలో మెల్లగా రాసుకున్నాడు. రాసి, కిందికి గీత గీసి, కలం ఎత్తి నా వైపు చూశాడు.

“మీ పేరేంటి సార్?”

చెప్పాను. గీత కింద రాసుకున్నాడు.